బానెట్ తీయనిచ్చిన రోజు

కారు కడిగించుకోవడానికి వచ్చినవాళ్ళెవరైనా ముందు కారు దిగుతారు. ఆయన దిగలేదు. అద్దాలన్నీ బిగించుకుని, సీటు బెల్టు కూడా విప్పకుండా, ఒక చెయ్యి స్టీరింగు కింద ఎక్కడో దాచుకుని కూర్చున్నాడు. ఇదేం చోద్యమని కార్ వాష్ కుర్రాడు లోపలికి తొంగిచూశాడు.

ఆ కుర్రాణ్ణి వీధంతా నురగబ్బాయి అంటారు. సొంతంగా కార్ వాష్ పెట్టుకున్న దగ్గర్నుంచీ అతని చెవి వెనకో మోచేతి మీదో కాస్త సబ్బు నురగ అంటుకునే ఉంటుంది. మనిషి మంచివాడే. నోరే కాస్త తేడా. అవసరమైనప్పుడు పెగలదు, అక్కర్లేనప్పుడు ఆగదు.

"సార్, బానెట్ తీస్తే లోపల కూడా శుభ్రం చేసేస్తాను," అన్నాడు అద్దం మీద తట్టి.

అద్దం అంగుళం మేర దిగింది. "బానెట్ జోలికి రావద్దు."

"లోపల ఎండుటాకులు ఇరుక్కున్నట్టున్నాయి సార్. ఆయిలు మాడిన వాసన కూడా..."

"ఇంజను మీద నీళ్ళు పడకూడదు. పైపైన కడిగి పంపించు."

అద్దం మళ్ళీ పైకి వెళ్ళిపోయింది. అంతలో వెనక తలుపు తెరుచుకుని ఒకమ్మాయి దిగింది. ముక్కు మీద గుండ్రటి కళ్ళజోడు, దాని వెనక నవ్వాపుకుంటున్న కళ్ళు.

"మా నాన్నగారి చెయ్యి ఎక్కడుందో చూశారా? బానెట్ లివరు మీద. మీరెక్కడ లాగేస్తారోనని ఇంటి దగ్గర్నుంచీ అలాగే పట్టుకుని వచ్చారు."

"ఒంటిచేత్తో నడుపుకుంటూనా?"

"జన్మంతా బస్సు నడిపి రిటైరైన మనిషండీ. ఆయనకిదో లెక్కా?"

నురగబ్బాయి ఇంకేదో అందామనుకున్నాడు. అతను ఆమెవైపు చూస్తున్నాడు, చేతిలో ఉన్న పైపు అతని బూటు వైపు చూస్తోంది.

"మీ బూటు నిండింది," అందా అమ్మాయి. "రెండోది కూడా నింపేస్తారా, కారు కడుగుతారా?"

అయిపోయింది. అతని పని అక్కడే అయిపోయింది. ఆ రోజు కారు టైర్లకి షాంపూ పెట్టి, సీట్లకి టైరు పాలిష్ పట్టించాడు. డ్రైవరుగారు అద్దం దించి ఇంకో నాలుగు చీవాట్లు పెట్టాల్సొచ్చింది.

ఆ అమ్మాయి పనిచేసేది ఎదురుగా ఉన్న కళ్ళజోళ్ళ షాపులోనే. ఇన్నాళ్ళూ అది తన కంటికి ఆనలేదంటే తన కళ్ళలో ఏదో లోపం ఉండి తీరాలనుకున్నాడు నురగబ్బాయి. మర్నాడే వెళ్ళి పరీక్ష కుర్చీలో కూర్చున్నాడు.

ఆమె అతని ముక్కు మీద బరువైన ఇనప ఫ్రేము పెట్టి, లెన్సులు మార్చి మార్చి అడిగింది. "మొదటిది క్లియరా? రెండోది క్లియరా?"

"మొదటిదండీ. కాదు, రెండోది. మళ్ళీ ఒకసారి మొదటిది వేస్తారా?"

"పోనీ గోడ మీద ఆ కింది వరస చదవండి."

"గోడెక్కడండీ?"

కళ్ళజోళ్ళమ్మాయి ఫ్రేము తీసేసి చేతులు కట్టుకుంది. "చూడండి, వీధికవతల మీ షాపు బోర్డు మీద కూర్చున్న పిచ్చుకని ఇందాక ఇక్కణ్ణుంచే నాకు చూపించారు. మీ కళ్ళు గద్ద కళ్ళు."

"అయినా సరే, ఒక కళ్ళజోడు ఇవ్వండి."

"ఎందుకు?"

"ముందుజాగ్రత్త."

ఆమె ఫ్రేము ఏరి, జీరో పవరు అద్దాలు బిగించి ఇచ్చింది. పెట్టి చూసి, "బాగుంది. చదువుకున్నవాడిలా ఉన్నారు," అంది. ఆ ఒక్క మాట చాలు. ఆ రోజు నుంచి నురగబ్బాయి ఆ జోడు తియ్యలేదు. నీళ్ళ పని చేసేవాడికి కళ్ళజోడంటే ఎంత నరకమో చెప్పక్కర్లేదు. క్షణానికోసారి ఆవిరి పట్టేది. తుడుద్దామంటే చేతుల నిండా సబ్బు. ఒకరోజు కారనుకుని పక్క షాపువాడి ఫ్రిజ్‌కి నురగ పట్టించాడు. అయినా ఏరిచ్చింది ఆమె కదా, ముక్కుకి కాయ కాచినా సరే అనుకున్నాడు.

జోడు వదులైందని ఒకసారి, బిగుతైందని ఒకసారి, వదులో బిగుతో తేలడం లేదని ఒకసారి ఆ షాపుకి వెళ్ళాడు. చివరికి ఒక వానపూట, గిరాకీ లేక రెండు షాపులూ ఈగలు తోలుకుంటున్నప్పుడు, తడుస్తూ వెళ్ళి గుమ్మంలో నిలబడ్డాడు.

"ఈసారి వదులా, బిగుతా?" అంది తలెత్తకుండా.

"రెండూ కాదండీ. మీరంటే నాకిష్టం. మీకు నేనంటే ఎలా ఉందో తెలుసుకుందామని."

ఆమె చేతిలో లెన్సు తుడుస్తున్న గుడ్డ ఆగింది. బుగ్గ కూడా కొంచెం ఎర్రబడిందనుకుంటా. కానీ నురగబ్బాయి జోడుకి ఆవిరి పట్టేసి అవేవీ అతనికి కనపడలేదు.

"చెప్తాను," అందామె కాసేపటికి. "మా నాన్న మిమ్మల్ని బానెట్ తీయనిచ్చిన రోజున చెప్తాను."

"ఆయన తీయనివ్వకపోతే?"

"నేను చెప్పను."

ఇదెక్కడి మెలికరా దేవుడా అనుకుంటూ అతను మళ్ళీ వానలోకి వెళ్ళిపోయాడు.

అతనికేమో కానీ, ఆ కారుకి మాత్రం అవుననో కాదనో చెప్పాల్సిన రోజు దగ్గరపడింది. ఎక్కడ ఆపినా కింద ఆయిలు మరక. డ్రైవరుగారు దాన్ని మెకానిక్కు దగ్గరికి తీసుకెళ్తే, అతను బానెట్ ఎత్తి ఒక్క చూపు చూసి దించేశాడు.

"ఇంత మడ్డిలో ఆయిలు ఎక్కణ్ణుంచి కారుతోందో ఆ బ్రహ్మదేవుడు దిగొచ్చినా చెప్పలేడు. ముందు కడిగించుకు రండి."

"కడిగించను."

"అయితే కారనివ్వండి. ఆయిలంతా పోయాక ఇంజను పట్టేస్తుంది. అప్పుడిక నన్నడగొద్దు."

డ్రైవరుగారికి రెండు రోజులు అన్నం సహించలేదు. ఈ సంగతి తెలిసిన నురగబ్బాయి చెవి వెనక నురగ తుడుచుకుని, జోడు సరిచేసుకుని, తిన్నగా వాళ్ళింటికి వెళ్ళాడు.

"సార్, ఇంజను కడగడం తప్పు కాదు సార్. ఎలా పడితే అలా కడగడం తప్పు," అన్నాడు కూర్చోకముందే.

"ఈ సారేంటయ్యా, ఆఫీసులోలాగా? బాబాయ్ అను," అన్నాడు డ్రైవరుగారు కుర్చీ చూపిస్తూ.

కూర్చోబోయిన నురగబ్బాయి మళ్ళీ లేచి నిలబడ్డాడు. ఈయన బాబాయైతే ఈయన కూతురు తనకేమవుతుంది? చెల్లెలు కాదూ? తలుపు దగ్గర నిలబడ్డ ఆ అమ్మాయి వంక చూశాడు. ఆమె పైటకొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"వద్దు సార్. సార్ అంటేనే నాకు అలవాటు సార్."

"వినయం గల పిల్లాడు," అంది లోపల్నుంచి టీ కప్పులతో వస్తూ ఇంటావిడ. ఆమె చూపు కూతురి మొహం మీదికి, అక్కణ్ణుంచి నురగబ్బాయి మొహం మీదికి వెళ్ళి, తిరిగి కప్పుల మీదికి వచ్చింది. ఆవిడకి అర్థమైపోయింది. డ్రైవరుగారికి రోడ్డు మీద సంగతులు తప్ప ఇంట్లో సంగతులు ఎప్పుడూ ఆఖర్నే తెలుస్తాయి.

"నా పెళ్ళినాడు ఏమైందో తెలుసా నీకు?" అన్నాడాయన. "ఇదిగో, ఈవిడ తమ్ముడు. పెళ్ళికొడుకు కారు తళతళలాడాలని, అప్పుడే వచ్చి ఆగిన ఇంజను మీద బిందెలకి బిందెలు గుమ్మరించాడు. బుస్సుమంది. సగం దారిలో ఆగిపోయింది. నేను సిమెంటు లారీ ఎక్కి పెళ్ళికి వెళ్ళాను."

"వచ్చారు, వచ్చారు," అంది ఇంటావిడ. "తలనుంచి కాళ్ళదాకా సిమెంటే. ఈయన తుమ్మినప్పుడల్లా పొగ లేచేది. మా అమ్మమ్మ దయ్యమని దణ్ణం పెట్టింది."

"అందుకే," అన్నాడాయన. "నా ఇంజను మీద చుక్క నీరు పడనివ్వను."

"మీ బావమరిదిగారు చేసింది తప్పే సార్. కాగుతున్న ఇంజను మీద చన్నీళ్ళు పొయ్యకూడదు. నేనైతే పూర్తిగా చల్లారనిస్తాను. బ్యాటరీ వైరు తీసేస్తాను. కరెంటుండే ప్రతిదానికీ ప్లాస్టిక్ కవరు కడతాను. గాలి పీల్చుకునే గొట్టం మూతికి కూడా. ప్రెషరు గన్ను ముట్టుకోను. మడ్డి మీద మందు చల్లి, బ్రష్షుతో రుద్ది, మొక్కలకి పోసినట్టు సన్నగా నీళ్ళు వదిలి, బ్లోయరుతో ఆరబెడతాను. తడి ఆరేదాకా తాళం తిప్పనివ్వను."

డ్రైవరుగారు చాలాసేపు గడ్డం గోక్కున్నాడు. "ఒక్క తిప్పుకి స్టార్టవ్వాలి."

"అవుతుంది సార్."

"అవ్వకపోతే నువ్విక మా గుమ్మం తొక్కకూడదు. మా అమ్మాయి షాపు వైపు కూడా రాకూడదు. మాటిమాటికీ జోడు బిగించడానికి వస్తున్నావట, అక్కడ ఎవరో చూసి చెప్పారు."

నురగబ్బాయి చెయ్యి ముక్కు మీది జోడుని కప్పేసింది.

"మరి స్టార్టయితేనో?" అంది ఇంటావిడ.

"అయితే ఏం కావాలో అడగమను. ఇస్తాను. అవ్వదుగా."

గేటు దాకా సాగనంపడానికి వచ్చింది కళ్ళజోళ్ళమ్మాయి. "ఓడిపోతారు," అంది.

"కాస్త ధైర్యం చెప్పొచ్చు కదండీ."

"ధైర్యంగా ఓడిపోతారు."

ఆదివారం పొద్దున, రాత్రంతా చల్లారిన కారు వాకిట్లో సిద్ధంగా ఉంది. డ్రైవరుగారు లోపల కూర్చుని, కళ్ళు మూసుకుని, లివరు లాగాడు. బానెట్ టక్కుమని లేచింది. ఆ చప్పుడుకి నురగబ్బాయి ఆమె వైపు తిరిగి కనుబొమలెగరేశాడు.

"తీశారు. ఇప్పుడు చెప్పండి మరి."

"తీయనిచ్చిన రోజన్నాను. రోజు ఇంకా చాలా ఉంది," అందామె. ఇంకో పని మీద వెళ్తున్నదానిలా భుజాన సంచి, చేతిలో షాపు ప్లాస్టిక్ కవరు, అందులో ఎవరికో ఇవ్వాల్సిన కొత్త కళ్ళజోడు. వెళ్తున్నదల్లా మెట్ల మీదే కూర్చుండిపోయింది.

నురగబ్బాయి ఆకులన్నీ ఏరాడు. ఒక ఎలుక గూడు కూడా దొరికింది, అందులో డ్రైవరుగారి పాత చేతిరుమాలు ముక్క. కవర్లు ఒక్కొక్కటే కట్టాడు. కరెంటు పుట్టించే ఆల్టర్నేటరుకి ఒకటి, ఫ్యూజు డబ్బాకి ఒకటి, హెడ్‌లైటు వెనక మూలగా ఉన్న గాలిగొట్టం మూతికి ఒకటి. అతని చేతులు వణుకుతున్నాయి.

"పెళ్ళికూతురికి ముస్తాబు చేస్తున్నట్టుంది," అంది మెట్ల మీద నుంచి ఆమె. "మాకు మధ్యాహ్నం భోజనాలున్నాయి."

"ఆపరేషన్ చేసే డాక్టరుతో మాట్లాడకూడదండీ."

"ఆ డాక్టరు చెవి వెనక సబ్బుంది."

అతను నీళ్ళ పైపు తేవడానికి పెరట్లోకి వెళ్ళాడు. పైపు చిక్కులు విప్పుకుని వచ్చేసరికి ఆమె కారు దగ్గర్నుంచి గబగబా వెనక్కి వచ్చి మెట్ల మీద కూర్చుంటోంది. కొత్త కళ్ళజోడు ఇప్పుడు చేతిలో ఉంది, కవరు లేదు. ఆ సంగతి అతను గమనించలేదు. గమనించే కళ్ళే అతనివి. అడ్డంగా జోడుంది.

మందు చల్లాడు, రుద్దాడు. ఏళ్ళనాటి మడ్డి నల్లగా కారిపోయింది. సన్నగా నీళ్ళు వదిలాడు. నీళ్ళు తగిలినప్పుడల్లా డ్రైవరుగారు తనకే చన్నీళ్ళు తగిలినట్టు భుజాలు ముడుచుకున్నాడు. తర్వాత బ్లోయరు, ఆ తర్వాత పొడిగుడ్డ. జోడు మీద ఆవిరి, దాని మీద తుంపర్లు. అలాగే తడుముకుంటూ కవర్లన్నీ విప్పి బకెట్లో పడేసి, ఎండలో బాగా ఆరనిచ్చి, బ్యాటరీ వైరు బిగించాడు.

"తిప్పండి సార్," అన్నాడు.

డ్రైవరుగారు తాళం తిప్పాడు. ఇంజను అందుకుంది. నురగబ్బాయి నోరు నవ్వుకి తెరుచుకునే లోపలే, ఎవరో పీక నొక్కినట్టు గుక్క పట్టి, దగ్గి, ఆగిపోయింది.

ఇంకోసారి తిప్పాడు. మళ్ళీ అదే దగ్గు, మళ్ళీ నిశ్శబ్దం.

"చెప్పానా?" అన్నాడు డ్రైవరుగారు. గెలిచిన మనిషి మొహం అలా ఉండదు. ఆయనకి ఆ కారంటే ప్రాణం. "చెప్పానా నీళ్ళొద్దని?"

నురగబ్బాయి ఇంజను వంకే చూశాడు. ఏం తడిసింది? ఎక్కడ తప్పు చేశాడు? ఏమీ తోచలేదు. ఇక ఈ గుమ్మం లేదు, ఎదురు షాపు లేదు, మొదటిది క్లియరా రెండోది క్లియరా అని అడిగేవాళ్ళు లేరు. ఏడుపొచ్చింది. మాటంటే మాటే కదా అని బకెట్టు ఎత్తుకుని గేటు వైపు నడిచాడు.

"నాన్నా, ఆగు," అంది కళ్ళజోళ్ళమ్మాయి.

మెట్లు దిగి వచ్చి, మోచేతి దాకా చెయ్యి హెడ్‌లైటు వెనకకి దూర్చి, ఏదో పీకింది. పల్చటి ప్లాస్టిక్ కవరు, గొట్టం లోపలికి పీల్చుకుపోయి నలిగి ఉంది. దాని మీద కళ్ళజోళ్ళ షాపు బొమ్మ.

"ఇది మీ షాపు కవరు కదే? ఇందులోకి ఎలా వచ్చింది?" అంది చప్పుడు విని వాకిట్లోకి వచ్చిన ఇంటావిడ.

ఆమె కవరునే చూస్తూ నిలబడింది. మాటకి మాట అప్పజెప్పే పిల్ల, మొదటిసారి తడబడింది. "నేనే కట్టాను. ఆయన కట్టింది వదులుగా ఉంది. చేతులు వణుకుతుంటే ముడి సరిగా పడలేదు. అందులోకి నీళ్ళు పోతే... అందుకని ఆయన కవరు విప్పి, కింద ఇది గట్టిగా కట్టి, పైన మళ్ళీ ఆయనదే కట్టాను."

"ఆయన పైది విప్పాడు, అడుగుది వదిలేశాడు," అంది ఇంటావిడ, ఎవరికీ అర్థం కాలేదేమోనని.

"ఆ జోడుకి ఆవిరి పట్టి కనపడలేదండీ," అన్నాడు నురగబ్బాయి గేటు దగ్గర్నుంచి.

"అసలు ఆ జోడెందుకు? మీ కళ్ళు బాగానే ఉన్నాయిగా?"

"మీరు బాగుందన్నారు కదా."

డ్రైవరుగారు కారు దిగాడు. కూతురి వంక చూశాడు. "మొన్న గేటు దగ్గర ఇతను ఓడిపోతాడు ఓడిపోతాడు అన్నావు. మరి నీళ్ళు పోతే నీకేంటి?"

"ఓడిపోతే ఇక రాడుగా నాన్నా," అంది. ఆ మాట అనేసి, తనే విని, మొహం రెండు చేతుల్లో దాచుకుంది.

నురగబ్బాయి చేతిలో బకెట్టు జారి కాలి మీద పడింది. నొప్పి కూడా తెలియలేదు.

"ముందు తాళం తిప్పండి," అంది ఇంటావిడ.

డ్రైవరుగారు కూర్చుని తిప్పాడు. ఒక్క తిప్పుకే ఇంజను అందుకుని, ఆగకుండా, హాయిగా నడిచింది. ఆయన చెవి రిక్కించి విన్నాడు. బానెట్ దగ్గరికి వచ్చి వంగి చూశాడు. శుభ్రంగా మెరుస్తున్న ఇంజను పైమూత అంచు నుంచి ఒక ఆయిలు చుక్క మెల్లగా ఊరుతోంది.

"ఇదా కారుతోంది? మూత కింద వాషరు పోయింది, అంతే. ఇన్నాళ్ళూ ఈ చిన్నదానికా నేను నిద్ర మానుకుంది?" అన్నాడు. అంతలోనే పెద్దమనిషి తరహా గుర్తొచ్చింది. "అయినా ఇది మూడో తిప్పు. పందెం ఒక్క తిప్పుకి."

"మొదటి రెండూ ఇంజను తప్పు కాదు, మీ కూతురి తప్పు," అంది ఇంటావిడ. "ఆ పిల్లాడి ఖాతాలో వెయ్యకండి. ఇచ్చిన మాట నిలబెట్టుకోండి."

డ్రైవరుగారు నిట్టూర్చాడు. "సరేనయ్యా. అడుగు. ఏం కావాలి?"

ఇదీ ఆ క్షణం. ఇక్కడే నోరు పెగలాలి. నురగబ్బాయి ముందుకొచ్చాడు, వెనక్కెళ్ళాడు, జోడు తీశాడు, పెట్టుకున్నాడు.

"సార్, నాకేమీ వద్దు సార్. మిమ్మల్ని ఈ జన్మలో బాబాయ్ అని పిలవకుండా ఉండే అవకాశం ఇప్పించండి. చాలు."

"ఏమన్నాడు?" అన్నాడు డ్రైవరుగారు.

ఇంటావిడ అప్పటికే మెట్ల మీద కూలబడి, కళ్ళనీళ్ళు తుడుచుకుంటూ నవ్వుతోంది. డ్రైవరుగారు ఆవిణ్ణి చూశాడు, చేతుల మాటున చెవులదాకా ఎర్రబడ్డ కూతుర్ని చూశాడు, చెవి వెనక నురగతో బిగుసుకుపోయిన కుర్రాణ్ణి చూశాడు. ఎర్ర లైటు పచ్చలైటవ్వడానికి పట్టినంతసేపు పట్టింది.

"ఓహో," అన్నాడు. "నువ్వేమంటావే?"

కళ్ళజోళ్ళమ్మాయి చేతులు తీసింది. నురగబ్బాయి దగ్గరికి వచ్చి, అతని ముక్కు మీది జోడు తీసి, నలిగిన ఆ షాపు కవర్లో వేసి మడిచేసింది.

"ఇందాకటిది క్లియరా? ఇది క్లియరా?" అంది.

"ఇదేనండీ," అన్నాడు నురగబ్బాయి. అంత దగ్గర్నుంచి, అడ్డమేమీ లేకుండా ఆమెని చూడటం అదే మొదటిసారి. "చాలా క్లియరు. ఇంతకీ మీ జవాబు చెప్పనే లేదు."

"ఇంకా ఎలా చెప్పాలి? నా కవరు పోయింది, నా పరువు పోయింది."

డ్రైవరుగారు గట్టిగా దగ్గాడు. దగ్గి, బానెట్ అంచు మీద చెయ్యి వేసి, మొట్టమొదటిసారి తెరిచే ఉంచాడు.

"ఒక్కటే షరతు," అన్నాడు కొత్త అల్లుడితో. "పెళ్ళినాడు ఈ కారు మీద ఎవడూ చుక్క నీరు పొయ్యకూడదు. కడిగేదేదో ముందు రోజే కడుగు. కవర్లన్నీ నేనే స్వయంగా విప్పుతాను."

"అలాగే మావయ్యా," అన్నాడు నురగబ్బాయి. ఈసారి నోరు తడబడలేదు.